వచ్చిన పిల్ల, రాని ముఖం

వాల్యా తన జన్మలో బడికి వెళ్లింది ఒకటిన్నర రోజు. మొదటి రోజు సాయంత్రం దాకా కదలకుండా కూర్చున్నాడు. రెండో రోజు మధ్యాహ్నం పంతులు చుట్ట కాల్చుకోవడానికి బయటికి వెళ్లగానే కిటికీలోంచి దూకి, మళ్లీ ఆ దిక్కు చూడలేదు. ఆ బడి కిటికీలకు ఊచలు పెట్టించింది తన వల్లనేనని నలభై దాటాక కూడా తండాలో గొప్పగా చెప్పుకునేవాడు. అలాంటి మనిషి ఒక ఏడు వానకాలమంతా రోజు విడిచి రోజు బడికి వెళ్లాల్సి వచ్చింది. అదీ ఎడ్లను తోలుకుని.

అతనిది నర్సింహులపేట వైపు ఈదులకుంట తండా. ఇంట్లో లంబాడీ మాట, తండా దాటితే తెలుగు. ఎకరం చెలక, ఒక జత ఎడ్లు, భార్య సోమ్లీ, బిడ్డ భాగ్య, అదీ అతని సంసారం. ట్రాక్టర్లు వచ్చాక తండాలో ఎడ్లు మిగిలింది అతనొక్కడికే. పత్తి, మిర్చి చేలల్లో సాళ్ల మధ్య గడ్డి తీయడానికి గుంటక తోలాలంటే ట్రాక్టర్ దూరదు. అందుకని నాలుగు చినుకులు పడితే చుట్టుపక్కల రైతులు వాల్యాకు కబురు పెట్టేవాళ్లు. అందరికన్నా ముందు పెట్టేది పక్క ఊరు రాయికుంట్లలోని మహీధర్ రెడ్డి. ఆయన మిర్చి తోట ఒక్కటే వాల్యాకు సీజనంతా సరిపడా పని.

భాగ్య తండా బడిలో ఐదో తరగతి పూర్తి చేసి, రాయికుంట్ల హైస్కూల్లో ఆరో తరగతిలో చేరింది. చేర్పించిన రోజు హెడ్‌మాస్టర్ లీలావతి మేడం చాలా సంతోషంగా చెప్పింది. ఫీజు లేదు, పుస్తకాలు ఊరికే, బట్టలు ఊరికే, మధ్యాహ్నం అన్నం కూడా ఊరికే అని. సోమ్లీ ఆ మాటలు విని ఇంటికొచ్చి దేవుడికి దీపం పెట్టింది.

ఊరికే వచ్చిన బట్టలు భాగ్యకు కాదు, సోమ్లీకి సరిపోయాయి. వాటిని పిల్ల సైజుకు తేవడానికి తొర్రూరు టైలర్ దగ్గరికి రెండుసార్లు తిరిగారు. శనివారాలు తెల్ల బూట్లు వేసుకురావాలన్నారు. పెరట్లో ఉన్న పుంజు పోయి తెల్ల బూట్లు వచ్చాయి. సైన్స్ సారు గాలిమర బొమ్మ చేసుకు రమ్మన్నాడు. అట్టలకు, చెమ్కీలకు, జిగురుకు రెండు పెట్టలు పోయాయి. ఆ తర్వాత కాగితాల వంతు వచ్చింది. వాల్యా పేరు ఆధార్‌లో ‘వాలు’ అనీ, రేషన్ కార్డులో ‘బాల్యా’ అనీ, తండా బడి రికార్డులో ‘వాల్య నాయక్’ అనీ ఉంది.

“గీ ముగ్గుర్ల నువ్వెవరు?” అని అడిగింది లీలావతి మేడం.

“ముగ్గురం నేనే, మేడం.”

“మరి ముగ్గురు ఒక్కరైనట్టు మీసేవ నుంచి తీసుకురా.”

ముగ్గురిని ఒక్కరిని చేయడానికి వాల్యాకు ఆరుద్ర కార్తె మొత్తం పట్టింది. ఎడ్లు కొట్టంలో పడుకుని నెమరేస్తుంటే, వాల్యా మండలాఫీసు వరండాలో కూర్చుని ఆవులించేవాడు.

అంతవరకు బాగానే ఉంది. అసలు చిక్కు హాజరు దగ్గర మొదలైంది.

ఆ ఏడు బళ్లలో హాజరు పట్టీ పోయి ఫోన్ వచ్చింది. సారు ఫోన్ ఎత్తి పిల్లల ముందు పట్టుకుంటే, అది ముఖం చూసి ఎవరొచ్చారో రాసుకుంటుంది. రాని పిల్ల ఇంటికి ఫోనే ఫోన్ చేస్తుంది. దాని మీద లీలావతి మేడం తన రూలు ఇంకోటి పెట్టింది. పిల్ల ఒక రోజు రాకపోతే, మర్నాడు తల్లో తండ్రో వెంటబెట్టుకుని వచ్చి, ఎందుకు రాలేదో చెప్పి సంతకం పెట్టాలి. లేకపోతే పిల్లను క్లాసులో కూర్చోబెట్టరు. మేడం చెడ్డ మనిషేం కాదు. జనగామ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. హాజరు తగ్గిన ప్రతి నెలా ఆమెకు పైనుంచి మెమో వచ్చేది. ఆ మెమోలను తల్లిదండ్రులకు పంచిపెట్టే మార్గం ఆమెకు అదొక్కటే దొరికింది.

భాగ్య ఊరికే బడి మానే పిల్ల కాదు. కానీ తండాకూ రాయికుంట్లకూ మధ్య ఒర్రె ఒకటుంది. వాన పడితే అది పారుతుంది. ఒర్రె నిండుగా పారిన రోజు పిల్ల ఆగిపోయేది. మర్నాడు వాల్యా పని ఆపుకుని బడికి వెళ్లి, ఒర్రె పారిందని చెప్పి, వేలిముద్ర వేసి వచ్చేవాడు. పిల్ల ఒక పూట బడి మానితే తండ్రి ఒక పూట పని మానాలి. తీజ్ పండుగకు తండాలో ఆడపిల్లలందరూ గోధుమ మొలకల బుట్టలకు నీళ్లు పోస్తూ ఆగిపోయినప్పుడు, ఆ మర్నాడు బడి గేటు ముందు తండా మగవాళ్లంతా వరసగా నిలబడ్డారు. దూరం నుంచి చూసినవాళ్లు ఓట్లు పడుతున్నాయనుకున్నారు.

శ్రావణం చివర భాగ్యకు జ్వరం పట్టుకుంది. తొర్రూరు దవాఖానలో సూదులు వేయించినా వారం దాకా దిగలేదు. సోమ్లీ భయపడి, పిల్ల లేచి తిరిగితే తలనీలాలు ఇస్తానని కొరివి ఈరన్నకు మొక్కుకుంది. జ్వరం దిగింది. మొక్కు తీర్చడం ఆలస్యం చేయొద్దని ఆదివారమే కొరివికి పోయి భాగ్యకు గుండు చేయించారు. పిల్ల ఏడ్చింది గానీ, దార్లో మిఠాయి కొనిపెడితే ఊరుకుంది.

సోమవారం భాగ్య తలకు రుమాలు కట్టుకుని అందరికన్నా ముందే బడికి వెళ్లింది. హాజరు తీసుకునే చైతన్య సారు ఫోన్ పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు. ఫోన్ తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, ఫోన్ ఏమీ అనలేదు. రుమాలు తీయమన్నాడు. తీసింది. అప్పుడూ ఏమీ అనలేదు.

“సార్, నేనొచ్చిన,” అంది భాగ్య.

“నువ్వొచ్చినవమ్మా. నీ ముఖం రాలె,” అన్నాడు చైతన్య సారు.

ఆ పూట వాల్యా మహీధర్ రెడ్డి తోటలో గుంటక తోలుతున్నాడు. జేబులో ఫోన్ మోగింది. ఎత్తితే ఒక ఆడమనిషి గొంతు, టీవీలో వార్తలు చదివినట్టు, మీ పిల్ల భాగ్య ఈ రోజు పాఠశాలకు గైర్హాజరు అయినది అంది. వాల్యా అక్కడికక్కడే ఎడ్లను ఆపాడు. పొద్దున తన చేతులతోనే పిల్లను ఒర్రె దాటించి వచ్చాడు. ఎడ్లను చెట్టుకు కట్టేసే తీరిక కూడా లేక, గుంటకను చేలోనే వదిలేసి, వాటిని అట్లాగే రోడ్డెక్కించి బడికి పరిగెత్తాడు.

ఎడ్లను గేటుకు కట్టి లోపలికి వెళ్తే, భాగ్య మొదటి వరసలో కూర్చుని ఎక్కాలు చెబుతోంది.

“గిదేంది సారూ, నా బిడ్డ గీడనే ఉన్నది గదా,” అన్నాడు రొప్పుతూ.

“నాకు తెల్సు వాల్యా. ఫోన్‌కు తెల్వది.”

“జర మీరు చెప్పరాదుండ్రి దానికి.”

“అది చెప్పేదే గానీ వినేది కాదు,” అన్నాడు చైతన్య సారు. ముఖం మళ్లీ ఎక్కించాలంటే పైనుంచి అనుమతి రావాలనీ, అడిగామనీ, వస్తుందనీ చెప్పాడు. వాల్యా బయటికి వచ్చేసరికి, పిల్లలు వనమహోత్సవం నాడు నాటిన మొక్కల్లో ఎడ్లు సగం వరస తినేశాయి. మర్నాడు అడవి నుంచి కానుగ మొలకలు తవ్వుకొచ్చి అతనే నాటాడు. అదింకో పూట.

అనుమతి రాలేదు. ఆడగొంతు ఫోన్ మాత్రం రోజూ వచ్చింది. ఫోన్ లెక్కలో పిల్ల రాలేదు కాబట్టి, రూలు ప్రకారం మర్నాడు వాల్యా వచ్చి ఎందుకు రాలేదో చెప్పాలి. ఆఫీసు గదిలో ఈ సంభాషణ ఇంచుమించు ఇట్లాగే సాగేది.

“నిన్న నీ బిడ్డ ఎందుకు రాలే?” అని మేడం తల ఎత్తకుండానే అడిగేది.

“వచ్చింది, మేడం.”

“వచ్చిందని నాకు తెల్సు. కారణం ఏం రాయాలె?”

“వచ్చిందని రాయుండ్రి.”

“రాకపోవడానికి కారణం వచ్చిందని ఎట్ల రాస్త?”

చివరికి ఇద్దరూ ఆలోచించి జ్వరం అని రాసేవాళ్లు. ఒక నెలలో కాగితాల మీద భాగ్యకు వచ్చినన్ని జ్వరాలు తండా మొత్తానికి రాలేదు.

సోమ్లీ ఊరుకోలేదు. మొక్కింది తనే కాబట్టి తప్పు తన నెత్తిన పడుతుందని ఆమె బెంగ. పెట్టెలోంచి తన పాత సవరం తీసి, రుమాలు కింద భాగ్య చెవుల మీదికి రెండు పాయలు వేలాడేటట్టు కట్టి పంపింది. ఆ రోజు చైతన్య సారు ఫోన్ పెట్టగానే అది టక్కున పలికింది. భాగ్య ముఖం వెలిగిపోయింది. సారు మాత్రం ఫోన్ కళ్ల దగ్గరికి తెచ్చుకుని ఒకటికి రెండుసార్లు చదివాడు.

“ఏమంటుంది సార్?”

“నిన్ను అజిత్ అంటున్నది.”

అజిత్ రాయికుంట్ల గొర్ల కాపరి రాజు కొడుకు, ఏడో తరగతి. మొగుళ్లపల్లిలో మేనమామకు కాలు విరిగితే, ఆయన గొర్లను చూసుకోవడానికి వెళ్లి రెండు వారాలవుతోంది. ఆ రోజు మొదలు ఫోన్ అజిత్‌కు హాజరు వేయడం మొదలుపెట్టింది. మర్నాడు సవరం లేకుండా పోయినా అజిత్ అనే అంది. ఒకసారి కుదిరిన అభిప్రాయాన్ని ఆ ఫోన్ మార్చుకునేది కాదు. చైతన్య సారు దాన్ని తుడిచేయాలని చూశాడు గానీ, తుడిచే మీట జిల్లాలో ఉందట.

అట్లా రోజూ బడికి వచ్చే భాగ్య రాని పిల్ల అయింది. మొగుళ్లపల్లి గుట్టల్లో గొర్లు కాస్తున్న అజిత్ ఒక్క రోజూ తప్పని పిల్లవాడయ్యాడు. ఇంతకుముందు వారం వారం బడికి వచ్చి సంతకం పెడుతూ విసిగిపోయిన రాజుకు ఫోన్లు ఆగిపోయాయి. సంగతి తెలిశాక అతను సొరకాయ ఒకటి, చిన్న డబ్బా నెయ్యి పట్టుకుని తండాకు వచ్చాడు.

“వాల్యన్నా, నీ బిడ్డ మా పిలగాన్ని నిలబెట్టింది. జర ఇంకో నెల దాక జుట్టు పెరగనియ్యకే.”

“అరే రాజు, నా పరేషాన్ నీకు నవ్వులాట అయ్యిందా,” అన్నాడు వాల్యా. అయినా సొరకాయ తీసుకున్నాడు.

పరేషాన్ నిజంగానే ఉంది. మహీధర్ రెడ్డి ఓపిక అయిపోవచ్చింది. ఆ మధ్య వాల్యా తోటలో ఉన్నది సగం, బడిలో ఉన్నది సగం. మిర్చి సాళ్లలో గరక మోకాలెత్తు లేచింది.

“మా బిడ్డ రిషిత వరంగల్‌ల చదువుతది. పెండ్లని పది రోజులు గుంజుకొచ్చినం. బడోళ్లు ఒక్క ఫోన్ చెయ్యలె,” అన్నాడు మహీధర్ రెడ్డి. “ఫీజు కడితే పిల్ల వచ్చినా రాకున్నా వాళ్లకు ఒక్కటే. నీకు ఫీజు లేదు గానీ, నీ బడి ఫీజు నా మిర్పతోట కడుతున్నది.”

“నాల్రోజులు ఓర్సుకో పటేలా. అనుమతి వస్తదట.”

“గడ్డి ఓర్సుకుంటలేదు గదా, వాల్యా.”

బతుకమ్మ సెలవులు ఇంకొన్ని రోజులున్నాయనగా, రాత్రంతా వాన కురిసిన ఒక పొద్దున వాల్యా భాగ్యను భుజాల మీద కూర్చోబెట్టుకుని ఒర్రె దాటించి బడికి పంపాడు. తిరిగొచ్చి ఎడ్లను తోలుకుని తోటకు బయల్దేరాడు. ఒర్రె దగ్గరికి వచ్చేసరికి ఒక తెల్ల బండి నడుమ దాకా బురదలో కూరుకుపోయి ఉంది. పక్కన ఇన్‌షర్ట్ వేసుకున్న అధికారి, ఆయన వెనుక పిల్లల బొమ్మలున్న బ్యానర్ పట్టుకుని ఇద్దరు, ఒక పూలదండ, ఒక డప్పు మనిషి, చెప్పులు చేత పట్టుకున్న లీలావతి మేడం కనిపించారు.

మేడం బస్సు దిగగానే ఆ అధికారి ఆమెను బండెక్కించుకున్నాడట. బడి మానేసిన పిల్లల లిస్టు ఆయన దగ్గర ఉంది. వాళ్ల ఇళ్లకు పోయి, దండ వేసి, డప్పు కొట్టి మళ్లీ బడికి తోలుకురావాలని పైనుంచి కార్యక్రమం. లిస్టులో మొదటి పేరు భాగ్య.

వాల్యా బండికి ఎడ్లను కట్టి, మోకు బిగించి, ధోళ్యా కాళ్యా అని రెండు కేకలు వేశాడు. రెండు ఎడ్లూ ముందుకు వంగాయి. బండి చప్పరించినట్టు చప్పుడు చేస్తూ పైకి లేచింది. ఆ ఊపుకు చిందిన బురద అధికారి ఇన్‌షర్ట్ మీద పడింది. ఆయన తుడుచుకుంటూనే అడిగాడు.

“ఈ తండాలో భాగ్య అనే అమ్మాయి ఇల్లు ఎక్కడ?”

“నా బిడ్డే, సార్.”

“నువ్వేనా తండ్రివి? పిల్లను బడి మాన్పించి పనికి తోలుతున్నావా?”

“బడికే పోయింది, సార్. ఇప్పుడే దాటించొచ్చిన.”

“ప్రతి తల్లీ తండ్రీ ఇదే మాట చెబుతారు.”

“సార్, ఆ పిల్ల రోజూ వస్తుంది,” అంది లీలావతి మేడం మెల్లగా. “యాప్ గుర్తుపట్టడం లేదు. మూడుసార్లు రాసినం.”

“మేడం, ఆ సంగతి నాకు కాదు, యాప్‌కు చెప్పండి. లిస్టులో పేరు ఉంది కదా.”

ఇంటి దగ్గర డప్పు చప్పుడు విని సోమ్లీ బయటికి వచ్చింది. దండ, బ్యానర్ చూసి ఎవరికో పెళ్లి కుదిరిందనుకుంది. పిల్ల ఎక్కడని అధికారి అడిగితే బడిలో ఉందంది. ఇంట్లో దాచారేమోనని వాళ్లు కొట్టంలో, గడ్డివాములో చూశారు. గడ్డివాములో సోమ్లీ చుట్టం ఒకామె ఇచ్చిన కోడి గుడ్లు పొదుగుతోంది. అది అధికారి చేతిని పొడిచింది. చివరికి అందరూ ఆ బండిలోనే బడికి వెళ్లారు. వాల్యానూ ఎక్కించుకున్నారు. ఎడ్లు ఒర్రె గట్టున చెట్టుకు కట్టేసి ఉన్నాయి.

భాగ్య క్లాసులో ఉంది. అధికారి ఆమెను బయటికి పిలిచి, గేటు అవతల నిలబెట్టి, దండ వేసి, డప్పు కొట్టించి, చెయ్యి పట్టుకుని గేటు లోపలికి తీసుకువచ్చాడు. ఫోటోలు దిగారు. మొదటిసారి సరిగ్గా రాలేదని మళ్లీ బయటికి పంపి మళ్లీ తెచ్చారు. ఇకముందు పిల్లను పనికి పంపనని వాల్యాతో ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. పక్కనే అసెంబ్లీ మెట్ల మీద, ఆ నెలలో ఒక్క రోజు కూడా బడి తప్పని విద్యార్థులకు సన్మానం జరిగింది. అజిత్ పేరు పిలిచారు. ఎవరూ లేవలేదు. చైతన్య సారు మబ్బు పట్టిందో లేదో చూస్తున్నట్టు పైకి చూస్తూ ఉండిపోయాడు.

అధికారి వెళ్లాక లీలావతి మేడం ఆఫీసు గదిలోకి వచ్చి కుర్చీలో కూలబడింది. టీచర్లకు కూడా ముఖం చూసే హాజరే. పొద్దున గంట కొట్టేలోపు బడి ఆవరణలో నిలబడి ఫోన్‌కు ముఖం చూపించాలి. ఆ వేళకు ఆమె ఒర్రెలో ఉంది. ఫోన్ టంగుమంది. ఆ రోజు ఆమె గైర్హాజరు.

గుమ్మం దగ్గర వాల్యా నిలబడి ఉన్నాడు.

“ఇంకేంది వాల్యా?”

“రేపు మీ వాళ్లెవరన్న వచ్చి సంతకం పెట్టాల్నా, మేడం?” అన్నాడు వాల్యా. వెక్కిరింత కాదు. రూలు అందరికీ ఒకటే అనుకుని నిజంగానే అడిగాడు.

మేడం ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగేసరికి కళ్లు తడిగా ఉన్నాయి. అటెండర్ పుష్పమ్మను పిలిచి రెండు చాయ్‌లు తెమ్మంది.

చాయ్ తాగి వాల్యా ఎడ్లను విప్పుకుని తోటకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గట్టు మీదికి రాకముందే మోటారు చప్పుడు వినిపించింది. మిర్చి సాళ్ల మధ్య ఒక ఎర్రటి చేతి మిషన్ గడ్డి గీరుకుంటూ పోతోంది. ఎవరో పిలగాడు దాన్ని పట్టుకున్నాడు. సాళ్లు వంకరగా వస్తున్నాయి, కొన్ని మొక్కలు కూడా లేచిపోతున్నాయి. కానీ గడ్డి పోతోంది. ముందురోజు తను చేలో వదిలి వెళ్లిన గుంటక గట్టున ఆనించి ఉంది.

“నేను ఓర్సుకున్న, వాల్యా,” అన్నాడు మహీధర్ రెడ్డి, ముఖం చూడకుండా.

“ఔ పటేలా, నువ్వు ఓర్సుకున్నవ్,” అన్నాడు వాల్యా.

గుంటకను భుజానికి ఎత్తుకుని, ఎడ్లను ముందు నడిపించుకుంటూ ఇంటికి వచ్చాడు. సోమ్లీ రొట్టె పెట్టి పక్కన కూర్చుంది. భాగ్య మాత్రం మెడలో దండతోనే ఇంటికి వచ్చి, దాన్ని తీయనని మారాం చేసి, అట్లాగే పడుకుంది.

వాల్యా పని పోయిన సంగతి పుష్పమ్మ ద్వారా లీలావతి మేడం చెవిన పడింది. ఆమె సెలవులు అయ్యాక పాత రూలు తీసేసింది. పిల్ల రాకపోతే టీచరే పొద్దుగూకాక ఇంటికి ఫోన్ చేసి అడగాలి. నెలకోసారి టీచర్లే తండాలకు వెళ్లి, కూలికి పోయినవాళ్లు ఇంటికి చేరే వేళకు మాట్లాడాలి. చైతన్య సారు మొదట్లో గొణిగాడు. తండా అరుగుల మీద జొన్నరొట్టె, పచ్చడి తినడం అలవాటయ్యాక గొణగడం మానేశాడు.

చలికాలం వచ్చేసరికి భాగ్య జుట్టు చెవుల దాకా దిగింది. ఒక పొద్దున ఫోన్ తనంతట తానే ఆమెను భాగ్య అంది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. మొగుళ్లపల్లి నుంచి తిరిగొచ్చిన అజిత్‌ను మాత్రం అది చాలా రోజులు ఎవరో కొత్తవాడన్నట్టు చూసింది.

పెద్ద తోట పోయాక వాల్యా చిన్న చిన్న చెలకల వాళ్లకు గుంటక తోలాడు. మిషన్ కొనలేని వాళ్లు, ఎకరం అరెకరం వాళ్లు. తెల్లారకముందే మొదలుపెట్టి ఎండ ఎక్కేలోపు ముగించేవాడు. రాబడి తగ్గింది. సోమ్లీ కూలీల గుంపుతో మిర్చి ఏరడానికి చిట్యాల దాకా పోయి వారాల తరబడి అక్కడే ఉండాల్సి వచ్చింది. ఆ వారాల్లో భాగ్యకు జడ వేసే పని వాల్యా మీద పడింది. పొట్టి జుట్టుకు రెండు పిలకలు వేయడం నేర్చుకోవడానికి అతనికి చాలా పొద్దులు పట్టింది. మొదటి రోజుల్లో అవి ఎడ్ల కొమ్ముల్లా ఒకటి అటు, ఒకటి ఇటు నిలబడేవి.

బడి తల్లిదండ్రుల కమిటీలో వాల్యా పేరు మేడమే రాయించింది. మీటింగులు పొద్దుగూకాక జరిగేవి కాబట్టి అతను తప్పకుండా వెళ్లేవాడు. వెనక బల్ల మీద, కిటికీ పక్కన కూర్చునేవాడు. పెద్దగా మాట్లాడేవాడు కాదు. మొన్నటి మీటింగులో చివర్న ఇంకేమైనా అడిగేదుందా అని మేడం అంటే చెయ్యి ఎత్తాడు.

“పిల్లలు రాకుంటే మాకు ఫోన్ వస్తది. మంచిదే,” అన్నాడు. “లెక్కల సారు బదిలీ మీద పోయి ఏడాదాయె, ఇంకొకలు రాలె. గా సంగతి ఎవలికి ఫోన్ వస్తది, మేడం?”

అందరూ నవ్వారు. లీలావతి మేడం నవ్వలేదు. తీర్మానాల పుస్తకం దగ్గరికి లాక్కుని, అతను అన్న మాటను అన్నట్టే రాసి, కింద వేలిముద్ర వేయమని పుస్తకం అతని వైపు తిప్పింది.